చీమ చిటుక్కుమన్నా వినిపించే మనుషులు

పెళ్లికి వెళ్లిన గంటలోపే తలనొప్పంటూ మండపం బయట కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. కొత్త చొక్కా మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటోందని కత్తిరించేదాకా ఊరుకోరు. ఇంట్లో ఇద్దరి మధ్య మాటలు తగ్గితే ఎవరూ చెప్పకుండానే వీళ్లకు ముందు తెలిసిపోతుంది. వీళ్ల గురించి చుట్టాల్లో రెండే తీర్పులు వినిపిస్తాయి. "మరీ నాజూకు" అని ఒకటి, "అంతా ఓవర్ యాక్షన్" అని ఇంకోటి. ఈ మధ్య రీల్స్ పుణ్యమా అని మూడోది చేరింది: "వాళ్లు హెచ్ఎస్‌పీ అట, అదో గొప్ప వరమట." మూడింటిలో ఏదీ పూర్తి నిజం కాదు.

హెచ్ఎస్‌పీ అంటే హైలీ సెన్సిటివ్ పర్సన్. ఈ మాటను జనంలోకి తెచ్చింది అమెరికా మానసిక శాస్త్రవేత్త ఎలైన్ ఆరన్. ఆమె, భర్త ఆర్థర్ ఆరన్ కలిసి 1997లో రాసిన పరిశోధన పత్రంలో ఈ స్వభావాన్ని సెన్సరీ ప్రాసెసింగ్ సెన్సిటివిటీ అన్నారు. దాన్ని కొలవడానికి 27 ప్రశ్నలు తయారుచేశారు. ఆ ప్రశ్నలన్నీ బాధల గురించే అనుకుంటే పొరపాటు. పెద్ద చప్పుళ్లు, ఘాటు వాసనలు, గరుకు బట్టలు ఇబ్బంది పెడతాయా, ఆకలేస్తే ఇక దేని మీదా మనసు నిలవదా, ఎవరైనా పక్కన నిలబడి చూస్తుంటే చేతనైన పని కూడా తడబడుతుందా అని అడుగుతాయి. అదే వరసలో, పాట వింటే లోపల కదిలిపోతారా, సన్నటి వాసనలనీ రుచులనీ పసిగట్టి ఆస్వాదిస్తారా అని కూడా అడుగుతాయి. 2006లో వేరే పరిశోధకులు ఈ ప్రశ్నలను విడదీసి చూస్తే మూడు పాయలు తేలాయి. తొందరగా ఉక్కిరిబిక్కిరి కావడం, కొద్దిపాటి వెలుగూ చప్పుడూ కూడా ఎక్కువనిపించడం, కళకూ అందానికీ గట్టిగా స్పందించడం. మొదటి రెండింటికీ ఆందోళనతో చుట్టరికం ఉంది. మూడోదాని చుట్టరికం కొత్త విషయాల మీద ఆసక్తితో. ఒకే మనిషిలో ఈ మూడూ కలిసి ఉండటమే తికమకకు మూలం. ఫ్యాన్ టకటక శబ్దానికి నిద్రపట్టక లేచి కూర్చున్న మనిషే తెల్లారి ఒక రాగం విని పరవశించిపోతాడు. ఇంట్లోవాళ్లకు అందులో ఏది నటనో అర్థం కాదు. రెండూ నిజమే.

ఇక్కడ తేడా చెవుల్లోనో కళ్లల్లోనో లేదంటారు ఆరన్. లోపలికి వచ్చినదాన్ని మెదడు ఎంత లోతుగా నమిలి చూస్తుందన్నదే అసలు సంగతి. మేనేజర్ చాట్‌లో "ఒకసారి మాట్లాడదాం" అని పంపితే, పక్క సీటువాడు "సరే" అని కొట్టేసి టీకి వెళ్తాడు. వీళ్లు మాత్రం ఎప్పుడూ పెట్టే నవ్వు బొమ్మ ఈసారి ఎందుకు లేదు, నిన్నటి మీటింగులో నేనేమన్నాను, పోయిన నెల ఇలాగే పిలిచి ఎవరికి ఏం చెప్పారు అని ముందుకీ వెనక్కీ తిరిగొస్తారు. ఆ తిరుగుడుకు శక్తి ఖర్చవుతుంది. ఒక్కోసారి అందరికంటే ముందు తప్పు పట్టుకునేదీ వీళ్లే.

సిగ్గరి, ఇంట్రోవర్ట్ అని ఒకే గాటన కట్టడం ఇంకో చిక్కు. ఆరన్ లెక్కలో సెన్సిటివ్ మనుషుల్లో దాదాపు 30 శాతం నలుగురిలో కలిసే స్వభావం ఉన్నవాళ్లే. వీళ్ల పరిస్థితి మరీ విచిత్రం. పార్టీ కావాలనిపిస్తుంది, వెళ్లాక మూడోవంతు గడిచేసరికే చాలనిపిస్తుంది. ఇది జబ్బు కూడా కాదు. మానసిక రుగ్మతల జాబితాలైన డీఎస్ఎం-5లోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11లోనూ దీనికి చోటు లేదు. అలాగని బ్లడ్ గ్రూపులా ఉందా లేదా అని తేల్చేసేదీ కాదు. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో దాదాపు 31 శాతం ఎక్కువ సెన్సిటివ్‌గా, 40 శాతం మధ్యస్థంగా, 29 శాతం తక్కువగా తేలారు. ఎత్తులాగా ఇది అందరిలోనూ ఉంటుంది, కొందరిలో ఎక్కువ. పుట్టుకతో ఎంత, పెంపకంతో ఎంత అన్నదానికి కవలల మీద 2020లో వచ్చిన పరిశోధన ఇచ్చిన జవాబు ఇది: మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలో సుమారు 47 శాతం జన్యువుల వల్ల. మిగతాది బతికిన బతుకు వల్ల.

శాస్త్రంలో దీనికి విమర్శకులూ ఉన్నారు, వాళ్ల మాటా వినాలి. ఆ 27 ప్రశ్నల్లో చాలావరకు తొందరగా ఆందోళన పడే స్వభావాన్నే మరో పేరుతో కొలుస్తున్నాయని వాళ్ల ఆక్షేపణ. పైగా అవి మన గురించి మనమే ఇచ్చుకునే మార్కులు. తరచూ ఉదహరించే 2014 నాటి మెదడు స్కానింగ్ అధ్యయనంలో పాల్గొన్నది 18 మందే. కాబట్టి "సెన్సిటివ్ మెదడు ఇలా ఉంటుంది" అని రంగుల బొమ్మ చూపించే వీడియో కనబడితే కాస్త ఆగి చూడటం మంచిది.

రెండు వైపులా పనిచేసే స్వభావం

నా దృష్టిలో ఈ విషయంలో అసలు కీలకం చప్పుడూ కాదు, కన్నీళ్లూ కాదు. అమెరికా పిల్లల వైద్యుడు థామస్ బోయ్స్ చిన్నపిల్లల మీద చేసిన పరిశోధన ఒకటుంది. ఒత్తిడికి శరీరం గట్టిగా స్పందించే పిల్లలు కష్టాలున్న ఇళ్లలో అందరికంటే ఎక్కువగా జలుబూ దగ్గుల్లాంటి జబ్బుల పాలయ్యారు. అంతవరకు ఊహించిందే. కానీ అదే స్వభావం ఉన్న పిల్లలు ప్రశాంతమైన ఇళ్లలో అందరికంటే తక్కువ జబ్బుపడ్డారు. జాగ్రత్తగా పెంచాల్సిన ఆర్కిడ్ పూల పేరు మీద వీళ్లకే ఆయన ఆర్కిడ్ పిల్లలని పేరు పెట్టాడు. ఎక్కడైనా మొలిచే డాండెలయన్ పూలతో మిగతా పిల్లలను పోల్చాడు. జే బెల్‌స్కీ, మైఖేల్ ప్లూయెస్ లాంటి మానసిక శాస్త్రవేత్తలు ఈ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. చెడుకు ఎక్కువ దెబ్బతినేవాళ్లే మంచిని ఎక్కువ అందుకుంటారన్నది వాళ్ల మాట. ఇంగ్లండ్‌లో ఒక బడిలో పదకొండేళ్ల ఆడపిల్లలకు డిప్రెషన్ రాకుండా మనోధైర్యం నేర్పే కార్యక్రమం పెట్టారు. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. బాగుపడింది సెన్సిటివ్ పిల్లలే. తక్కువ సెన్సిటివ్‌గా ఉన్న పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఇది పట్టుబడితే మనం ఇచ్చే సలహాలు ఎంత తలకిందులుగా ఉన్నాయో తెలుస్తుంది. "ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలెయ్", "కాస్త గుండె నిబ్బరం చేసుకో" అంటాం. వదిలెయ్యగలిగితే వాళ్లే వదిలేసేవారు. ఒకవేళ ఆ వినికిడి మూసెయ్యగలిగినా, దాంతోపాటు మంచిని అందుకునే దారీ మూతపడుతుంది. మరోవైపు హెచ్ఎస్‌పీ పేరుతో దొరికే సలహాలన్నీ తీసివేతల లెక్కలే. అక్కడికి వెళ్లకు, ఇది చూడకు, వాళ్లతో మాట్లాడకు అని. ఎంత తగ్గించుకోవాలో చెప్పేవాళ్లు ఎక్కువ, ఏం కలుపుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ.

అయితే మరి ప్రకృతి అందరినీ ఇలాగే ఎందుకు చెయ్యలేదు? 2008లో కొందరు జీవశాస్త్రవేత్తలు గణిత నమూనాతో చూపింది ఇది: చుట్టూ ఉన్నదాన్ని ఎక్కువగా గమనించడం కొందరే చేస్తున్నంతకాలం లాభసాటి. బెంగళూరులో సిల్క్‌బోర్డ్ జామ్ తప్పించే గల్లీ నలుగురికే తెలిస్తే గల్లీ, అందరికీ తెలిస్తే అది ఇంకో సిల్క్‌బోర్డ్.

బెంగళూరులో ఒక రోజు

నెల్లూరు నుంచి వచ్చి మారతహళ్లి పీజీలో ఉంటున్న పాతికేళ్ల కుర్రాణ్ణి ఊహించుకోండి. తెల్లారుజామున కింద నీళ్ల ట్యాంకరు మోటారు మొదలవుతుంది. రూమ్మేట్ అలారం మోగుతుంది, ఆపుతాడు, మళ్లీ మోగుతుంది. టిఫిన్ హాల్లో నిన్నటి నూనె వాసన. ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులో నిలబడి, మెట్రో పనుల దుమ్ములోంచి ఆఫీసుకు చేరతాడు. అక్కడ తెల్లటి లైట్లు, చలి, స్పీకర్ ఆన్ చేసి కాల్ మాట్లాడే పక్క సీటాయన. చుట్టూ కన్నడ, హిందీ, ఇంగ్లీషు, మధ్యలో మన తెలుగు. నాలుగింటిలో అర్థమయ్యే ప్రతి మాటా చెవిన పడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం టీం లీడ్ ఇంకెవరినో అందరి ముందు కసురుతాడు. తిట్లు పడింది వీడికి కాదు. అయినా వీడి కడుపులో తిప్పుతుంది. సాయంత్రం మళ్లీ అదే బస్సు.

రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్. "ఏం తిన్నావు నాన్నా?"

"అబ్బా, ఏదో ఒకటి తిన్నాలేమ్మా. పెట్టెయ్."

అవతల ఒక్క క్షణం మాట ఉండదు. "సరే నాన్నా, పడుకో."

ఆ క్షణం గుర్తొచ్చి అర్ధరాత్రి దాకా నిద్ర పట్టదు. నాకు కోపం ఎక్కువైందనుకుంటాడు. బెంగళూరు వచ్చాక వాడు మారిపోయాడని ఊళ్లో అమ్మ అనుకుంటుంది. నిజానికి ఆ ప్రశ్నలో ఏ తప్పూ లేదు, పొద్దుట్నుంచీ పేరుకున్నదాంట్లో అది చివరిది, అంతే. సెన్సిటివ్ మనుషుల ఇళ్లలో జరిగే గొడవల్లో చాలావాటికి కారణం గొడవ జరిగిన నిమిషంలో దొరకదు. ఆ పూట ముందు గంటల్లో వెతకాలి. "నాకెందుకింత కోపం" అన్నదానికంటే "ఇవాళ నా మీద ఏమేం పడ్డాయి" అని అడుక్కోవడం పనికొచ్చే ప్రశ్న. ఈ కుర్రాడికి కావలసింది ఓపిక మీద ఉపన్యాసం కాదు. అమ్మ ఫోన్ రాత్రి తొమ్మిది నుంచి ఆదివారం పొద్దున్నకు మారితే సగం సమస్య తీరుతుంది. మిగతా రోజుల్లో "తిన్నానమ్మా, పెరుగన్నం" అని ఒక మెసేజ్ చాలు.

ఈ ఊళ్లో అద్దె ఇల్లు చూడటం వీళ్లకు జీతం మాట్లాడుకోవడమంత ముఖ్యం. అందరూ శనివారం పగలు చూసి అడ్వాన్సు ఇచ్చేస్తారు. వీలైతే రాత్రి పదింటికీ, ఏదో ఒక పనిరోజు పొద్దున్న ఎనిమిదింటికీ కూడా ఒకసారి వెళ్లి రావాలి. పడగ్గది గోడకు అవతల లిఫ్ట్ ఉందేమో, జనరేటరు కిటికీ కిందే పెట్టారేమో చూసుకోవాలి. పక్కన ఖాళీ సైటు ఉంటే గాలీ వెలుతురూ వస్తాయని మురిసిపోతాం. ఈ ఊళ్లో ఖాళీ సైటంటే రేపో మాపో బోరు వేసే లారీ, ఆ తర్వాత ఏడాది పాటు గ్రానైట్ కోసే మిషను. పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకున్నాక ఓనరుతో వాదించి లాభం లేదు. అన్నట్టు, చప్పుడు గురించి ఫిర్యాదు చేస్తే మనదే అతి అనుకోనక్కర్లేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట మైకులకు అనుమతి లేదు, రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో కొద్ది రోజులకు మాత్రం సడలింపు ఇవ్వొచ్చు. రాత్రిపూట నిశ్శబ్దం అడగడానికి సెన్సిటివ్ అయి ఉండాల్సిన పనిలేదు.

ఆఫీసులో "నేను హెచ్ఎస్‌పీని" అని చెప్పుకోవడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదనిపిస్తుంది. సగం మందికి అర్థం కాదు, మిగతా సగం మంది ప్రాజెక్టు ఇవ్వడానికి వెనకాడతారు. అదే "ప్యాంట్రీ పక్క సీటు మార్చండి", "రివ్యూ పాయింట్లు మీటింగుకు ముందు రోజు మెయిల్ పెట్టండి, చదువుకుని వస్తాను" అంటే ఎవరైనా వింటారు. రెండో కోరిక చిన్నదే, ఫలితం మాత్రం పెద్దది. ఎదురుగా కూర్చోబెట్టి చెప్తే కళ్లలో నీళ్లు తిరిగి సగం మాటలు వినబడని మనిషి, రాతలో చదివితే అందరికంటే పదునైన జవాబుతో వస్తాడు. హెడ్‌ఫోన్ల మీద మాత్రం మరీ ఆశ పెట్టుకోవద్దు. నాయిస్ క్యాన్సిలింగ్ రకం ఏసీ, ఇంజిన్ లాంటి ఎడతెగని హోరును బాగా తగ్గిస్తుంది, పక్కవాడి మాటలను అంతగా ఆపలేదు. కాఫీ సంగతి చెప్పక తప్పదు. ఆరన్ ప్రశ్నల్లో కెఫీన్ మీదా ఒకటుంది. ఈ ఊళ్లో ఉంటూ ఫిల్టర్ కాఫీ మానెయ్యమంటే ఎవరూ వినరు, నేనూ వినను. సాయంత్రం నాలుగు తర్వాతది ఒక్కటి వదులుకుంటే చాలు.

తీసివేతల్లో ఒక ప్రమాదం ఉంది. భయపడినదాన్ని తప్పించుకుంటూ పోతే భయం పెరుగుతుందే తప్ప తరగదు, ఆందోళనకు వైద్యం చేసేవాళ్లందరికీ తెలిసిన సంగతి. కాబట్టి ఇది సేద తీరడమా, తప్పించుకోవడమా అని గమనించుకోవాలి. అలసిపోయి ఈ శనివారం స్నేహితుల దగ్గరికి వెళ్లలేదు, వచ్చే శనివారం ఉత్సాహంగా వెళ్లారు, అది విశ్రాంతి. వరసగా మానేస్తూ, మానేసిన ప్రతిసారీ హాయిగా అనిపిస్తూ, చివరికి ఫోన్ మోగినా గుండె దడ వస్తుంటే దారి తప్పుతున్నట్టు లెక్క.

ఇక కలుపుకోవడం. ఇందులో బెంగళూరు పిసినారి ఊరేమీ కాదు. ట్రాఫిక్ ఎంత దయలేనిదో చెట్లు అంత దయగలవి. లాల్‌బాగ్ 240 ఎకరాలు. పూల ప్రదర్శన రోజుల్లో కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్లాలి. ఆదివారం కబ్బన్ పార్కు రోడ్ల మీద వాహనాలుండవు. శ్రీరామనవమికి చామరాజపేటలో ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో 1939 నుంచి జరుగుతున్న సంగీతోత్సవం ఉంది. పరాయి ఊళ్లో, పందిరి కింద కూర్చుని త్యాగరాజ కీర్తనలను అర్థంతో సహా వినగలిగే భాగ్యం తెలుగువాళ్లది. జనం ఉంటారు కదా అంటారేమో. జనం కంటే వాళ్లు ఏం చేస్తున్నారన్నది ఎక్కువ ప్రభావం చూపుతుంది. పదిమంది అరుస్తున్న గదికీ, వెయ్యిమంది నిశ్శబ్దంగా ఆలాపన వింటున్న పందిరికీ పోలిక లేదు. వారంలో ఇలాంటిది ఒకటైనా క్యాలెండర్లో మీటింగులా రాసిపెట్టుకోవాలి. "టైముంటే వెళ్దాం" అనుకుంటే ఈ ఊళ్లో టైము ఎవరికీ దొరకదు.

అన్నీ ఈ ఖాతాలో వెయ్యకూడదు

పేరు దొరికిన సంతోషంలో అన్నిటినీ దానికే అంటగట్టడం చూస్తున్నాను. ముందుగా అడగాల్సింది "ఎప్పట్నుంచి?" అని. ఈ స్వభావం చిన్నప్పట్నుంచీ ఉండాలి. మొన్నటిదాకా బాగానే ఉండి, కాన్పు తర్వాతో, యాక్సిడెంట్ తర్వాతో, దగ్గరివాళ్లు పోయాకో చప్పుళ్లకు ఉలిక్కిపడటం మొదలైతే అది వేరే కథ. చిరాకుతో పాటు గుండె దడ, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ చూపించుకోవాలి. వెలుగు పడకపోవడం వెనక మైగ్రేన్ ఉండొచ్చు. నమిలే చప్పుడు లాంటి కొన్ని శబ్దాలకే ఒళ్లు మండిపోతే మిసోఫోనియా అనేది ఒకటుంది. స్పర్శ, వెలుగు, శబ్దాల తేడాలు ఆటిజంలోనూ ఉంటాయి, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 వాటిని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. ఇవన్నీ రీల్ చూసి తేల్చుకునేవి కావు. మానసిక ఆరోగ్యానికి పేరున్న ఆసుపత్రి నిమ్హాన్స్ ఈ ఊళ్లోనే, హోసూరు రోడ్డు మీద ఉంది. మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకొకటి. "నువ్వు మరీ సెన్సిటివ్" అన్న మాట కొన్ని ఇళ్లలో ఆయుధం. రోజూ వెటకారం చేసి, నలుగురిలో చిన్నబుచ్చి, ఏడిస్తే "దీనికే ఏడుస్తావా" అనే భర్తో, అత్తగారో, మేనేజరో ఉంటే, అక్కడ కొలవాల్సింది ఏడ్చినవాళ్ల సున్నితత్వాన్ని కాదు. అదే మాట తక్కువ సెన్సిటివ్ మనిషిని అన్నా తప్పే. హెచ్ఎస్‌పీ పుస్తకాలు చదివి తమను తాము సరిదిద్దుకుంటూ ఇలాంటి చోట్ల ఏళ్లతరబడి ఉండిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

పిల్లల విషయానికొస్తే, పైన చెప్పిన పరిశోధనలు తల్లిదండ్రులకు మంచి వార్తే. ఇలాంటి బిడ్డ మీద పెట్టిన శ్రద్ధ వృథా పోదు. గట్టిపడాలని గుంపులోకి తోసెయ్యడం, నొచ్చుకుంటాడని ఇంట్లోనే దాచుకోవడం, రెండూ పనికిరావు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పుట్టినరోజు పార్టీ ఉందనుకోండి. పిల్లలంతా వచ్చి పాటలు మోగుతున్నప్పుడు తీసుకెళ్తే వాడు గుమ్మం దగ్గరే కొంగు పట్టుకుంటాడు. అదే బెలూన్లు కడుతున్నప్పుడే తీసుకెళ్లి, ఒక బెలూన్ వాడి చేతనే పగలగొట్టించి, ఎక్కడ కూర్చోవాలో వాణ్ణే ఎంచుకోనిస్తే, గుంపు వచ్చేసరికి అది వాడికి తెలిసిన చోటై ఉంటుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మకు ఇదంతా గారాబంలా కనిపించవచ్చు.

"మగపిల్లాడు బెలూన్ పేలితే ఏడవడమేంటే? నువ్వే పాడుచేస్తున్నావు."

"పాడుచెయ్యట్లేదమ్మా. పోయినసారి మనం మధ్యలో వెళ్తే వాడు అయిదు నిమిషాలు కూడా ఉండలేదు. ఇవాళ ముందే వెళ్దాం, కేకు కొయ్యగానే వచ్చేద్దాం. అప్పుడు కూడా ఏడిస్తే నన్నడుగు."

"కేకు ఎన్నింటికంట?"

"ఆరున్నరకు."

"అయితే వాడికి ఇప్పుడే కాస్త పెరుగన్నం పెట్టు. ఆకలి మీదుంటే ఇంకా పేచీ పెడతాడు."

ఆ 27 ప్రశ్నల్లో ఆకలి గురించిన ప్రశ్న ఉందని అమ్మమ్మకు తెలియదు. అయినా కలపాల్సింది సరిగ్గా కలిపింది.